పిట్ట ప్రశ్నలు: కొండ అంచు మీద కాపురాలు

రెండు నెలల కిందట ఈ శీర్షికలో ఒక వాట్సాప్ వీడియో గురించి నాలుగు మాటలు రాశాను. ఉత్తర ధ్రువం దగ్గరి దీవిలో, నిట్టనిలువు కొండ అంచు మీంచి, రెక్కలు సరిగ్గా రాని పిట్టపిల్ల ఒకటి సముద్రం వైపు దూకేస్తుంది. కింద ఎవరో ‘తల్లి గుండె ఎంత గట్టిదో చూడండి’ అని రాసి పంపారు. ఆ పిట్ట పేరు గిలిమాట్ అనీ, మిగతాది అడిగితే చెబుతాననీ అన్నాను. అడిగేశారు. గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ఉత్తరాలతోనే ఈ సంచిక నిండిపోయింది. పాముల గురించి రాసినవాళ్లు వచ్చే నెలదాకా ఓపిక పట్టాలి.

ప్ర: మేడమ్ గారూ, ఎగరడం రాని పిల్లను కొండ మీంచి తోసేయడం ప్రేమ ఎలా అవుతుందండీ? పైగా వీడియో అంతా వెతికినా తల్లి ఎక్కడా కనబడలేదు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జ: ఎవరూ తోయరమ్మా. పిల్ల తనంతట తనే దూకుతుంది. తల్లి కనబడకపోవడానికి కారణం ఆ పని తల్లిది కాకపోవడమే. దగ్గరుండి దింపేది తండ్రి.

గిలిమాట్ కిలో బరువుండే నలుపూ తెలుపూ పక్షి. గూడు కట్టదు. కొండ అంచున ఉత్త రాయి మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆలూమగలు వంతులు వేసుకుని నెలకు పైగా పొదుగుతాయి, పిల్ల పుట్టాక సుమారు మూడు వారాలు మేపుతాయి. చిక్కు అక్కడే వస్తుంది. గిలిమాట్ ముక్కున పట్టి తెచ్చేది ఒక్కో ట్రిప్పుకి ఒక్క చేపే. దాని రెక్కలు పొట్టివి, నీళ్లలో తెడ్లు వేయడానికి బాగా పనికొస్తాయి. వాటితో రెండొందల మీటర్ల లోతుదాకా మునగగలదు. అవే రెక్కలతో గాలిలో ఎగరాలంటే తాతలు దిగొస్తారు. 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో, అప్పటిదాకా కొలిచిన పక్షులన్నిటిలోకీ ఎగరడానికి ఎక్కువ శక్తి ఖర్చుపెట్టేది ఈ గిలిమాటేనని తేలింది. ఎక్కడో దూరాన చేప పట్టి, అంత ఆయాసపడి ఎగిరొచ్చి, ఆ ఒక్క చేప నోట్లో పెట్టి, మళ్లీ వెళ్లాలి. పిల్ల పావు కిలోకి పెరిగేసరికి దాని ఆకలికి ఈ రాకపోకలు చాలవు. అందుకని చేపలు మోసుకురావడం మానేసి పిల్లనే చేపల దగ్గరకు తీసుకుపోతుంది తండ్రి.

వెలుతురు కాస్త తగ్గే సాయంత్రం వేళల్లో దూకడం ఎక్కువ. ఒకే సాయంత్రం చాలా పిల్లలు దిగుతాయి. కింద నక్కలూ పెద్ద సీగల్‌లూ కాసుకుని ఉంటాయి మరి, అన్నీ ఒకేసారి దిగితే అవి ఎన్నని పట్టుకుంటాయి? పిల్లకి ఒంటినిండా మెత్తటి నూగు, బరువు తక్కువ. రాళ్ల మీద పడ్డా చాలావరకు లేచి నీళ్ల వైపు పరిగెడతాయి. తండ్రి గొంతు పిల్లకీ, పిల్ల గొంతు తండ్రికీ గుర్తే. వేల గొంతుల గోలలో ఒకదాన్నొకటి పిలుచుకుని కలుసుకుంటాయి.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చే సంగతి తర్వాతిది, వీడియోలో లేనిది. నీళ్లలో దిగాక కొన్నాళ్లకు తండ్రికి ఎగిరే ఈకలన్నీ ఒక్కసారే రాలిపోతాయి. పిల్లకి ఇంకా రెక్కలు రాలేదు, తండ్రికి ఉన్నవి పోయాయి. ఎగరలేని ఆ రెండూ కలిసి ఈదుకుంటూ వందల కిలోమీటర్లు పోతాయి. నెలా రెండు నెలలు తండ్రే మేపుతుంది. తల్లి ఇంకొన్నాళ్లు ఆ అంచు మీదే ఉంటుంది, వచ్చే ఏటికి చోటు పోకుండా చూసుకోవడానికి కాబోలు. మీరు హాయిగా నిద్రపోండి. అన్ని పిల్లలూ బతుకుతాయని మాత్రం చెప్పను, నక్కలకూ పిల్లలున్నాయి.

ప్ర: పెంగ్విన్‌లను ధ్రువపు ఎలుగుబంట్లు తింటాయా?
– ఏడో తరగతి విద్యార్థి, అరండల్‌పేట, గుంటూరు

జ: కలుసుకుంటే తినేవే. ఎలుగుబంట్లు ఉత్తరాన, పెంగ్విన్‌లు దక్షిణాన. కింది ప్రశ్న కూడా చదువు, నీకు పనికొస్తుంది.

ప్ర: తిండి కోసమైతే సముద్రం అంతటా చేపలున్నాయి కదా. ఈ పక్షులు అంత చలిలో, అంత దూరంలో, అదీ కొండ అంచుల మీద ఎందుకు పిల్లల్ని పెడతాయి? మా లెక్చరర్‌ను అడిగితే ‘అడాప్టేషన్’ అని ఒక్క మాటలో తేల్చేశారు.
– బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థి, గుంటూరు

జ: నేనూ ముప్పై ఏళ్లకు పైగా జువాలజీ చెప్పినదాన్ని కాబట్టి మీ లెక్చరర్ గారిని ఏమీ అనను. బెల్లు కొట్టడానికి రెండు నిమిషాలుంటే ఎవరైనా అదే మాట అంటారు.

పక్షికి రెండు కావాలి. పక్కనే తిండి, దొంగ రాని చోటు. ఈ రెండూ ఒకచోట దొరకడం కష్టం. ధ్రువాల దగ్గర వేసవిలో అవి కలిసి దొరుకుతాయి.

ముందు తిండి సంగతి. సముద్రం అంతటా చేపలున్నా సమానంగా లేవు. మన బంగాళాఖాతాన్నే తీసుకోండి. కృష్ణా, గోదావరి, మహానది, గంగ తెచ్చిపోసే మంచినీళ్లు తేలిక కాబట్టి పైన ఒక పొరలా పరుచుకుంటాయి. అడుగున ఉన్న పోషకాలు ఆ పొరను దాటి పైకి రావడం కష్టం. అందుకే అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు పంట తక్కువ. ధ్రువాల దగ్గర శీతాకాలంలో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, తుఫానులు అంతా కలియబెడతాయి, అడుగు పోషకాలు పైకొస్తాయి. ఆ తర్వాత వేసవి వచ్చి సూర్యుడు అస్తమించడమే మానేస్తాడు. ఇరవై నాలుగ్గంటలూ వెలుతురు, కావలసినంత ఎరువు. నాచు విరగబడి పెరుగుతుంది, దాన్ని తినే చిన్న జీవులు, రొయ్యల్లాంటి క్రిల్, వాటిని తినే చేపలు, అన్నీ ఆ కొద్ది నెలల్లోనే. పిల్లలకు తిండి పెట్టడానికి అంతకన్నా మంచి అదను ఇంకెక్కడ ఉంది? అక్కడ ఆ కాలంలో చలి కూడా మనం ఊహించుకున్నంత ఉండదు.

ఇక దొంగల సంగతి. మీ లెక్చరర్ గారు చెప్పాల్సింది నిజానికి ఇక్కడుంది. దక్షిణాన అంటార్కిటికాలో నేల మీద తిరిగే క్రూరమృగం ఒక్కటీ లేదు. అందుకే అడేలీ పెంగ్విన్‌లు చదును నేల మీద గులకరాళ్లు పేర్చుకుని ధీమాగా కూర్చుంటాయి, స్కువా పక్షి ఒక్కదాన్ని కాచుకుంటే చాలు. ఉత్తరాన అలా కుదరదు. అక్కడ నక్క ఉంది, ఎలుగుబంటి ఉంది. కాబట్టి ఉత్తరాది పక్షులు వాటి కాలు ఆనని చోటు వెతుక్కోవాలి. నార్వే వారి స్వాల్‌బార్డ్ దీవుల్లో ఆల్కెఫ్యెలెట్ అని సముద్రంలోకి నిటారుగా దిగే నల్లరాతి కొండ ఉంది. అక్కడ దాదాపు 60 వేల గిలిమాట్ జంటలు కాపురం చేస్తాయి. కృష్ణా పుష్కరాల్లో ఘాట్ మెట్ల మీద జనం నిలబడినట్టు ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. అంత ఇరుకులో నిలబడటం కూడా కాపలాయే. అన్ని ముక్కులు బయటికి చూస్తుంటే సీగల్‌కు గుడ్డు ఎత్తుకుపోవడం తేలిక కాదు.

కొండ అంచు ఒక్కటే ఉపాయం అనుకోవద్దు. కిట్టివేక్ అనే చిన్న సీగల్ గిలిమాట్‌కు కూడా చాలని సన్నటి అంచు మీద బురదా గడ్డీ కలిపి గూడు అతికిస్తుంది. మామూలు సీగల్ పిల్లలు పుట్టిన కొద్దిరోజులకే తిరుగుతాయి, దీని పిల్లలు మాత్రం రెక్కలొచ్చేదాకా గూట్లో కదలకుండా కూర్చుంటాయి. కదిలితే పోతాయి మరి. నూటయాభై గ్రాముల లిటిల్ ఆక్ రాళ్లగుట్టల సందుల్లో దూరుతుంది. పఫిన్ గోళ్లతో మట్టి తవ్వి సొరంగం చేసుకుంటుంది. దక్షిణాన స్నో పెట్రెల్ అని తెల్లటి పక్షి ఉంది, అది సముద్రం వదిలి మంచు ఖండం లోపలికి 440 కిలోమీటర్ల దాకా వెళ్లి, మంచులోంచి పైకి పొడుచుకొచ్చిన రాతి శిఖరాల మీద గుడ్డు పెడుతుంది. తిండికి ప్రతిసారీ సముద్రానికి రావాల్సిందే.

నా పాత స్టూడెంట్ ఒకతను డాక్టరై, అంటార్కిటికాలో మన దేశపు మైత్రి పరిశోధన కేంద్రంలో ఒక ఏడాది పనిచేసి వచ్చాడు. 1989 నుంచి ఉన్న కేంద్రం అది. రాతి సందులో తెల్లగా ఏదో కనిపిస్తే వంగి చూశాడట. స్నో పెట్రెల్ నోట్లోంచి నూనె చిమ్మింది. కడుపులో ఉండే చేపనూనె అది, దాని ఆయుధం. జాకెట్ ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోలేదని ఇప్పటికీ చెబుతాడు. అలా చిమ్మిన నూనె గూటి ముందు వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకుని గడ్డకడుతుంది. శాస్త్రవేత్తలు ఆ పొరల వయసు కట్టి, అక్కడి రాయి మంచులోంచి ఎప్పుడు బయటపడిందో చెబుతున్నారు.

దొంగ రాని చోటే పునాది అని ఎందుకు అంటున్నానంటే, దొంగ వచ్చిన చోట ఏమయిందో చూశాం. గ్రేట్ ఆక్ అని ఉత్తర అట్లాంటిక్‌లో ఎగరలేని పెద్ద పక్షి ఉండేది. ఎగరలేదు కాబట్టి ఎత్తైన కొండ అంచులెక్కలేదు, నీళ్లలోంచి నడిచి ఎక్కగలిగే లోతట్టు రాతిదీవులే దానికి గతి. అక్కడికి మనిషి పడవ కూడా చేరింది. 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే దీవిలో చివరి జంటను చంపేశారు. దక్షిణాన సౌత్ జార్జియా దీవికి సీల్ వేటగాళ్ల ఓడల్లో ఎలుకలు దిగాయి, నేల మీదా బొరియల్లోనూ గుడ్లు పెట్టే చిన్న పక్షులు తీరమంతా ఖాళీ అయిపోయాయి. హెలికాప్టర్లతో ఎలుకల మందు చల్లించి, 2018లో దీవిలో ఎలుకలు లేవని ప్రకటించాక పక్షులు తిరిగి గూళ్లు పెడుతున్నాయి.

ప్ర: మేడమ్, పోటీ పరీక్షల బిట్ బ్యాంకులో ‘గిలిమాట్ గుడ్డు ఒక కొస సన్నగా ఎందుకుంటుంది’ అంటే ‘దొర్లినా గుండ్రంగా తిరిగి అక్కడే ఆగడానికి’ అని ఇచ్చారు. కరెక్టేనా? నాకు ఈ బిట్ అంటే టెన్షన్.
– గ్రూప్స్ అభ్యర్థి, విజయవాడ

జ: పరీక్షలో కీ ఏం చెబితే అది పెట్టండి, మార్కు పోగొట్టుకోవద్దు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఒప్పుకోను.

ఆ గుండ్రంగా తిరిగే కథ ఎన్నో ఏళ్లుగా పుస్తకాల్లో ఉంది. నిజం గుడ్డు, నిజం కొండ అంచు తీసుకుని చూస్తే అది తిరిగే చాపం ఆ సన్నటి అంచుకన్నా పెద్దదే, పడిపోవడం పడిపోతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బర్క్‌హెడ్ గిలిమాట్‌లనే దశాబ్దాలు చదివినాయన. ఆయన బృందం 2018లో తేల్చింది ఏమిటంటే, ఆ ఆకారపు గుడ్డు వాలు రాయి మీద అసలు దొర్లడమే మొదలుపెట్టకుండా నిలకడగా కూర్చుంటుంది. పొడవాటి ఒక పక్క రాయికి ఎక్కువ ఆనుతుంది కదా, అందుకు. అంతకు ముందు ఏడాది మేరీ స్టొడార్డ్ బృందం 1,400 జాతుల పక్షుల గుడ్లు కొలిచి, బాగా ఎగిరే పక్షుల గుడ్లు పొడుగ్గానో, ఒక కొస సన్నగానో ఉంటాయని చూపింది. ఈ వాదన ఇంకా తెగలేదు. నాకు వాలు రాయి మాటే ఎక్కువ నచ్చుతుంది, కారణం అది అంచు మీద జరిగే పనిని సూటిగా చెబుతుంది.

బిట్ బ్యాంకులో లేని సంగతి ఒకటి: ఏ రెండు గిలిమాట్‌ల గుడ్లూ ఒకేలా ఉండవు. ఒకటి నీలం, ఒకటి పచ్చ, ఒకటి తెలుపు, పైన గీతలూ మచ్చలూ వేరు వేరు. ఒక పక్షి ఏటా దాదాపు అదే రంగు, అదే గీత పెడుతుంది. గూడు లేదు, పక్కవాళ్లు ఆనుకునే ఉన్నారు. తన గుడ్డును గీత చూసి పోల్చుకుంటుంది.

ప్ర: అమ్మా, నేను మిర్చి రైతును. లక్షల పక్షులు ఒకచోట ఉంటే రెట్ట ఎంత ఉంటుంది! దాన్ని ఎరువుగా ఎవరూ తెచ్చుకోరా?
– పెదనందిపాడు దగ్గరి నుంచి

జ: రైతు అడగాల్సిన ప్రశ్న అడిగారు. పక్షి రెట్టతో ప్రపంచ వ్యాపారం నడిచింది గానీ, ధ్రువాల నుంచి కాదు. దక్షిణ అమెరికాలో పెరూ దేశపు చించా దీవుల నుంచి. అక్కడ వాన పడదు, అందుకే రెట్ట కొట్టుకుపోకుండా గుట్టలుగా పేరుకుంది. 19వ శతాబ్దంలో యూరప్ పొలాలకు ఓడలకు ఓడలు తరలించారు. 1864లో ఆ దీవుల్ని స్పెయిన్ ఆక్రమించుకుంటే యుద్ధమే జరిగింది. ధ్రువాల దగ్గర మంచు కరిగి రెట్టను కొండ కిందికి కడిగేస్తుంది, మోసుకొచ్చే ఖర్చు సరేసరి. మీరు దాని మీద ఆశ పెట్టుకోకండి, పశువుల ఎరువే మేలు.

కడిగేసిన రెట్ట వృథా కాదు. బోసి రాళ్ల మధ్య ఆ కొండల కింద మాత్రం గడ్డి పచ్చగా ఉంటుంది, బాతులూ రెయిన్‌డీర్లూ అక్కడే మేస్తాయి. ఆ రెట్ట నుంచి లేచే అమోనియా ఆర్కిటిక్ మీద మేఘాలు కట్టడానికి సాయపడుతుందని 2016లో ఒక పరిశోధన చెప్పింది. అంటార్కిటికాలో పెంగ్విన్ రెట్ట మరక ఉపగ్రహ చిత్రాల్లో గులాబీ రంగులో కనిపిస్తుంది, తిన్న క్రిల్ రంగు అది. ఆ మరకను పట్టుకునే డేంజర్ దీవుల్లో దాదాపు 15 లక్షల అడేలీ పెంగ్విన్‌లు ఉన్నాయని 2018లో బయటపెట్టారు. అంతవరకూ అక్కడ అన్ని ఉన్నాయని ఎవరూ అనుకోలేదు.

ప్ర: అమ్మమ్మగారూ, గిలిమాట్‌లను తెచ్చి మన ఉప్పలపాడు చెరువులో పెంచుకోవచ్చా? అక్కడ గూడబాతులు చెట్ల మీద బాగానే ఉంటున్నాయి కదా.
– నాలుగో తరగతి, బ్రాడీపేట, గుంటూరు

జ: వద్దు నాన్నా. రోహిణి కార్తెలో నువ్వూ నేనూ ఫ్యాను కింద ఉండలేకపోతున్నాం. కెనడాలో హడ్సన్ బే దగ్గర కోట్స్ దీవి ఉంది. అక్కడ ఎండ కాస్త ముదిరి, దోమలు కుట్టినప్పుడు గిలిమాట్‌లు గుడ్డు మీంచి లేవకుండా కూర్చుని అక్కడికక్కడే చచ్చిపోయాయి. అక్కడి ‘ఎండ’ అంటే మనకు సంక్రాంతి రోజుల ఎండకు మించదు. మన దోమల సంగతి నీకు తెలుసు. గూడబాతులే చాలు మనకి.

ప్ర: ఈ పక్షులు తగ్గిపోతున్నాయని పేపర్లో చదివాను. కొండలు అక్కడే ఉన్నాయి, ఎలుకల్నీ తీసేశామంటున్నారు. మరెందుకు తగ్గుతున్నాయి?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, మొగల్రాజపురం, విజయవాడ

జ: కొండ కదలలేదండి, పక్కన ఉండాల్సిన తిండి కదిలింది. 2014 చివరి నుంచి 2016 దాకా అలాస్కా వైపు పసిఫిక్ నీళ్లు అసాధారణంగా వేడెక్కాయి. చిన్న చేపలు తగ్గాయి, వేడికి ఆకలి పెరిగిన పెద్ద చేపలు మిగిలిన వాటిని తినేశాయి. గిలిమాట్‌కు రోజుకు తన బరువులో సగం తిండి కావాలి, కొద్దిరోజులు దొరక్కపోతే చచ్చిపోతుంది. అలాస్కాలోని గిలిమాట్‌లలో సగం, అంటే 40 లక్షలు, ఆ దెబ్బకు పోయాయని 2024లో లెక్క తేల్చారు. ఆ తర్వాత కూడా కోలుకోలేదు. దీనికి తోడు 2023 అక్టోబరులో బర్డ్ ఫ్లూ సౌత్ జార్జియా దగ్గరి బర్డ్ దీవికి చేరింది, స్కువాలతో మొదలైంది. ఎలుకల్ని హెలికాప్టర్‌తో తీసేయొచ్చు, ఈ రెండింటికీ అలాంటి మందు లేదు.

ప్ర: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. ధ్రువాల పక్షుల మీద పరిశోధన చేస్తానని పట్టు పట్టింది. వాళ్ల నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. మీరే ఒక మాట చెప్పి మాన్పించండి.
– ఒక తల్లి, కృష్ణలంక, విజయవాడ

జ: మాన్పించను. కానీ అది ఎంత పనో చెబుతాను, విన్నాక కూడా చేస్తానంటే చేయనివ్వండి.

గోవాలో వాస్కో దగ్గర జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. అంటార్కిటికాలో మైత్రి, భారతి, ఆర్కిటిక్‌లో 2008లో మొదలైన హిమాద్రి, అన్నీ దాని చేతి మీదుగా నడుస్తాయి. పక్షుల పరిశోధన కావాలంటే డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వైపు చూడాలి, అక్కడివాళ్లు అంటార్కిటికా వెళ్లి పెంగ్విన్‌లనూ స్నో పెట్రెల్‌లనూ లెక్కిస్తున్నారు. దానికి ముందు ఎమ్మెస్సీ మంచి మార్కులతో కావాలి, లెక్కలూ స్టాటిస్టిక్స్ వచ్చి ఉండాలి. ఎంపికైనా ఢిల్లీలో వైద్య పరీక్షలు, ఔలీలో మంచు మీద శిక్షణ ఉంటాయి. అవన్నీ దాటి అక్కడికి వెళ్లాక చేసే పని ఏమిటంటే, గాలిలో నిలబడి పక్షుల్ని లెక్కపెట్టడం. నిన్న లెక్కపెట్టిన చోటే ఇవాళ, అదే వేళకి, మళ్లీ. సినిమాల్లో చూపించేది ఇదేమీ కాదు. అమ్మాయికి ఈ పని మీద ఓపిక ఉందో లేదో గోవా వెళ్లకుండానే తెలుస్తుంది.

ఉప్పలపాడు పంపండి. చెరువు మధ్యలో ఏదో ఒక చెట్టు ఎంచుకుని, ఆ చెట్టు మీది గూళ్లు, ఒక్కో గూట్లో పిల్లలు, వారం వారం అదే గంటకు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయమనండి. ఎన్ని కనబడ్డాయో రాయాలి, ఎన్ని ఉండొచ్చో ఊహించి రాయకూడదు. ఒక సీజన్ పూర్తయ్యాక కూడా నోట్‌బుక్‌లో ఖాళీ వారం లేకపోతే ఆ పుస్తకం నాకు పంపండి, వాళ్ల నాన్నగారితో నేను మాట్లాడతాను. గుంటూరు నుంచి ఆటో అయితే రానూపోనూ కలిపి మాట్లాడుకోవాలి, పొద్దున్నే అక్కడ తిరుగు ఆటో దొరకదు.